చేతులు మారిన సీసా

తూనికను కిందటి వారం మనం రసాయనశాఖ సమావేశపు గది తలుపు ముందు నిలబెట్టి వచ్చాము. ఆ పేరు ప్రయోగశాలలోని వారు పెట్టినది. ఏ పదార్థాన్నీ ఆమె ఒకసారి తూచి నమ్మదు, మళ్లీ తూస్తుంది. పరిశోధనలో చేరిన తొలి ఏడాది ఆమె చేతిలో ఒక కొత్త పదార్థం సూదుల వంటి స్ఫటికాలుగా దిగింది. ఆ తరువాతి వేసవిలో ఒక ఉదయాన అదే పదార్థం, అదే ఫ్లాస్కులో, పలకలుగా దిగింది. నాటి నుంచి ఎన్ని విధాల ప్రయత్నించినా పలకలే తప్ప సూది రాలేదు. అలమరలో దాచిన పాత సూదులు సైతం పలకలైపోయాయి. లేని సూదులను ఉన్నట్టు రాసిందన్న నింద ఆమె మీద పడింది. నిజం తేల్చుకోవడానికి ఆమె భూగర్భశాఖ వారి గదిని అడిగి తీసుకుంది, కొత్త గాజుసామాను విప్పింది, మొదటి నుంచి చేసింది. అక్కడా పలకలే. అప్పుడు బోధపడింది. పలకల విత్తు గదిలో లేదు, తన మీదే ఉంది. కంటికి ఆనని ఆ రేణువు తన జుట్టులో ఉంది, కళ్లద్దాల మడతలో ఉంది, అరచేతి గీతల్లో ఉంది. ఆ సూదులను ఈ లోకంలో ఇంకెవరైనా చేయగలరేమో గాని, మొదట చేసిన తాను మాత్రం చేయలేదు.

ఈ ఎరుకను మోసుకుని ఆమె తలుపు తోసింది.

గది పొడవైనది. కిటికీ ఉన్నది గాని, రంగు వేసినప్పుడు రెక్కలు చట్రానికి అతుక్కుపోయి ఎవరూ విడదీయలేదు. బల్ల చివర శాఖాధిపతి కూర్చున్నాడు. న్యాయం తెలిసినవాడే, అయితే నియమం చాటున నిలబడితే తప్ప న్యాయం వైపు చూడలేనివాడు. ఆయనకు ఎడమ పక్కన కమిటీలోని మరో సభ్యుడు, ఏ సమావేశంలోనైనా కాసేపు కన్ను మూయకుండా ఉండలేనందువల్ల విద్యార్థులు కునుకు సారని పిలుచుకునే పెద్దమనిషి. కుడి పక్కన తూనిక గైడు. బల్ల నడుమ సాసరంత నల్లని ఫోన్ స్పీకరు. వేరే ఊరి విశ్వవిద్యాలయం నుంచి బయటి పరీక్షకురాలు అందులోంచి వింటూ ఉండాలి. ఆమె ఇంతవరకు పలకలేదు గనుక అందరూ ఆమెను మరచిపోయారు.

"కూర్చో తల్లీ," అన్నాడు గైడు. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. "భయపడకు. ఇది విచారణేమీ కాదు. నీ మేలు కోరే కూర్చున్నాం అందరం."

తూనిక గోడ వారగా ఉన్న కుర్చీలో, బల్లకు దూరంగా కూర్చుంది.

"అంత దూరం ఎందుకమ్మా? మేమేమైనా కరుస్తామా?" అన్నాడు కునుకు సారు.

"మీరు కరవరు సార్. నేనే," అంది తూనిక.

ఆయనకు అర్థం కాలేదు. మర్యాదకు నవ్వాడు.

శాఖాధిపతి గొంతు సవరించుకున్నాడు. "నీ ముందున్న దారులు చెబుతాను, శ్రద్ధగా విను. కోర్సులన్నీ మంచి మార్కులతో పూర్తిచేశావు. అర్హత పరీక్షలు గట్టెక్కావు. జూనియర్లకు ల్యాబు చెప్పే బాధ్యత కూడా తీరింది. పీహెచ్‌డీకి ఇక మిగిలింది థీసిస్. దాని మీద గైడు సంతకం ఉండాలి. సూదుల అధ్యాయం ఉన్నంతవరకు సంతకం పెట్టనంటున్నారు."

"ఆ అధ్యాయం తీసేస్తే సార్?"

"మిగిలింది పీహెచ్‌డీకి చాలదు కదమ్మా," అన్నాడు గైడు, ఎంతో బాధతో.

"గైడును మార్చుకోవచ్చు," అన్నాడు శాఖాధిపతి. "నియమం అడ్డం రాదు. కానీ ఇంకొకరు తీసుకోవాలి."

తూనిక అందరినీ అడిగి ఉంది. ఒకరు తన దగ్గర చోటు లేదన్నారు. ఒకరు వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఒకావిడ తలుపు తెరవకుండానే, చదువుకోవలసింది చాలా ఉంది, తరువాత రమ్మన్నది. నింద పడిన పిల్లను చేరదీస్తే ఆ మరక తమ చేతికి అంటుతుందని వారి భయం. చదువుకున్నవారు పిరికితనానికి పెట్టుకునే పేర్లు ఎప్పుడూ గౌరవంగానే ఉంటాయి.

"థీసిస్‌తో మాస్టర్స్ తీసుకుంటే?"

"దానికీ ఆ అధ్యాయమే ఆధారం."

"నన్ను వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లనివ్వండి."

"వెళ్లు. ఎవరు ఆపుతారు?" అన్నాడు గైడు. "కానీ అక్కడి వాళ్లు మమ్మల్ని ఒక మాట అడుగుతారు కదా. నేను అబద్ధం చెప్పలేను తల్లీ."

"కనుక," అన్నాడు శాఖాధిపతి, ఆమె ముఖం చూడకుండా, "థీసిస్ అక్కర్లేకుండా, కేవలం కోర్సుల మీద ఇచ్చే మాస్టర్స్ ఉంది. దానికి కావలసిన అర్హతలన్నీ నీకు ఉన్నాయి. ఇవాళ సంతకం పెడితే నీ మీద ఏ మాటా మిగలదు. మర్యాదగా ముగుస్తుంది."

మర్యాదగా. తూనిక ఆ మాటను మనసులో ఒకసారి తూచింది, మళ్లీ తూచింది. ఉన్న తలుపులన్నీ మూసి, గోడకు ఒక కన్నం పొడిచి, అందులోంచి దూరిపొమ్మని వినయంగా చేయి చూపిస్తున్నారు. దూరితే బయటపడుతుంది. కానీ బయటపడినది అబద్ధమాడిన పిల్లగా బయటపడుతుంది, సంతకమే ఒప్పుకోలవుతుంది.

ఆ సూదులు లేవని తేలడంలో గైడుకు ఉన్న అవసరం కూడా ఇక్కడ పాఠకులకు గుర్తుచేయాలి. పలకలు దిగిన తరువాత, ఈ పదార్థం ఒకే ఒక్క ఆకారంలో, పలకలుగా మాత్రమే ఉంటుందని ఆయన తన పేరు మీద ప్రకటించి, దేశదేశాల సభల్లో చప్పట్లు అందుకుని ఉన్నాడు. సూది ఒక్కటి కనపడినా ఆ చప్పట్లన్నీ వెనక్కి ఇచ్చేయాలి.

"నేనొకటి చెప్పాలి సార్," అంది తూనిక.

చెప్పింది. వేడి ద్రావణం చల్లారేటప్పుడు అందులోని అణువులు వరుసలు కట్టడానికి ఒక మాదిరి కోసం చూస్తాయని, పలక రేణువు ఒక్కటి అందులో పడినా అన్నీ దాన్ని చూసి పలకలుగానే వరుస కడతాయని చెప్పింది. ఆ విత్తు పడని చోటే, పడని చేతులే సూదులను చేయగలవంది. తన చేతులకు ఆ శుభ్రత లేదంది. 

కునుకు సారు పూర్తిగా మేలుకున్నాడు. "అంటే నువ్వొక అంటువ్యాధివంటావు."

"అలాగే అనుకోండి సార్."

"నా భార్య కూడా నా గురించి అదే అంటుంది. నేను కూర్చున్న చోటల్లా అందరికీ నిద్ర వస్తుందట."

శాఖాధిపతి నవ్వు ఆపుకోలేకపోయాడు. గైడు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. "చూశారా సార్. చేయలేకపోయినందుకు ఇంత అందమైన కారణం నేను ఇంతవరకు వినలేదు. సాక్ష్యం లేదు, ఎందుకు లేదంటే సాక్ష్యం సిగ్గుపడి దాక్కుందట."

"సాక్ష్యం ఉంది సార్. ఎక్స్‌రే చిత్రం మీరే చూశారు," అంది తూనిక.

"ఏదో చిత్రం చూశాను. ఏ పదార్థానిదో ఎవరికి తెలుసు?"

ఆ క్షణాన ఆయన కళ్లు ఆమె కళ్లను కలుసుకుని పక్కకు తప్పుకున్నాయి. తెలుసు. ఆయనకు తెలుసు.  ఇంతకాలం ఆయన నమ్మడం లేదనుకుంది. నమ్మనివారికి నచ్చజెప్పవచ్చు. తెలిసీ కాదనేవారికి ఏం చెబుతారు?

"అయితే ఇంకెవరి చేతైనా చేయించండి," అంది. "ఈ భవనంలో కాదు. నా సామాను ముట్టుకోకుండా, బజారులో కొన్న పదార్థాలతో. మీరంతా పక్కన నిలబడి చూడండి."

శాఖాధిపతి ఆలోచించాడు. "కమిటీ సభ్యుల సమక్షంలో జరగాలన్నదే నియమం. సభ్యులు కళ్లారా చూస్తే, చేసింది మరొకరైనా నేను ఒప్పుకోగలను. మీరేమంటారు?"

ఆయన గైడును అడిగాడు. వాదన ఉంటుందనుకుంది తూనిక. ఏ వాదనా రాలేదు.

"తప్పకుండా," అన్నాడు గైడు. "నాకు కావలసిందీ అదే. సభ్యులంతా దగ్గరుండి చూడండి. ఆమెకు అన్యాయం జరిగిందని రేపు ఎవరూ అనకూడదు." కోటు జేబులో చేయి పెట్టాడు. "అయితే చూడబోయేది ఏమిటో ముందు తెలియాలి కదా. మీరెవరూ ఈ పదార్థాన్ని దగ్గరగా చూసినవారు కారు." వేలెడు గాజు సీసా ఒకటి తీశాడు. మూత తిప్పాడు. శాఖాధిపతి చేతిలో పెట్టాడు.

శాఖాధిపతి దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, కొంచెం కాగితం మీద ఒంపుకుని, వేలికొసతో కదిపాడు. "మెరుస్తోందే," అన్నాడు. సీసాను పక్కకు అందించాడు. కునుకు సారు అరచేతిలో తట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"వాసనేమీ లేదు," అని, అరచేతిని ఉఫ్‌మని ఊది, రెండు చేతులూ దులుపుకున్నాడు.

కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆ ధూళి కాసేపు తేలియాడింది. శాఖాధిపతి భుజాల మీద వాలింది. బల్ల మీద వాలింది. అప్పుడుగాని తూనికకు వెలగలేదు.

"ముట్టుకోకండి," అంది లేచి నిలబడి. "సార్, మూత పెట్టేయండి."

"అదిగో," అన్నాడు గైడు జాలిగా. "తన పదార్థాన్ని చూసి తనే భయపడుతోంది."

 చూడవలసినవారు సభ్యులే. సభ్యులందరి చేతుల మీదా ఇప్పుడు ఆ విత్తు ఉంది. వారు ఏ గదిలోకి వెళ్లినా, ఎవరి పక్కన నిలబడినా, ఆ ఫ్లాస్కులో పలకలే దిగుతాయి. వారు కళ్లారా చూస్తారు. నిజాయితీగా సాక్ష్యం చెబుతారు. ఆ నిజాయితీయే ఆమెను పాతిపెడుతుంది. కన్నం కూడా మూసుకుపోయిన గోడలా ఆమె ముందు ఆ ముగ్గురూ కూర్చుని ఉన్నారు. ఒకరు నియమంతో, ఒకరు నవ్వుతో, ఒకరు జాలితో.

"నా చేతికి సీసా రాలేదండీ."

గొంతు బల్ల మధ్య నుంచి వచ్చింది. వయసుతో కరకుగా మారిన ఆడగొంతు. అందరూ ఆ నల్లని స్పీకరు వైపు, అది హఠాత్తుగా కుర్చీ లాక్కుని కూర్చున్నట్టు చూశారు.

"మేడమ్, మీరు లైనులోనే ఉన్నారా?" అన్నాడు శాఖాధిపతి.

"ఉన్నాను. పిల్లకు దారులు చెబుతుంటే వింటున్నాను. అన్నీ ఒకే గుమ్మంలోకి వస్తున్నాయి, చిత్రంగా ఉంది. గైడుగారూ, ఒక సందేహం. చూపించడానికే కదా సీసా తీసింది?"

"అవును మేడమ్."

"గాజు సీసాయేనా?"

"అవును."

"గాజులోంచి కనపడదా?"

గైడు చేతిలోని మూతను వేళ్ల మధ్య తిప్పాడు.

"మూత ఎందుకు తీశారని అడుగుతున్నాను," అంది ఆ గొంతు. "మీ సందేహం ఆ అమ్మాయి చెప్పిన విత్తు గురించే కదా. ఆ మాట అబద్ధమని మీరు నమ్మితే, మూత తీసినా తీయకపోయినా ఒకటే. నిజమేమోనని ఒక్క పాలు అనుమానం ఉన్నా, తీయకూడదు. చెప్పండి, ఇందులో మీరు ఏ రకం?"

గైడు నీళ్లు నమిలాడు. "అలవాటుగా తీశాను మేడమ్."

"సరే, అలవాటే అనుకుందాం. శాఖాధిపతిగారూ, సభ్యుల సమక్షం అన్నారు. నేనూ సభ్యురాలినే. నా ప్రయోగశాలలో, నా ఎదుట చేయించండి."

"చేసేదెవరు మేడమ్?" గైడు తేరుకున్నాడు. "మీ విద్యార్థులా? మా డిగ్రీ మీ విద్యార్థుల చేతి మీద ఆధారపడాలా? మా శాఖలో తయారైనవారే చేయాలి. అదొక్కటి నేను ఒప్పుకోను."

శాఖాధిపతికి మళ్లీ నిలబడడానికి నియమం దొరికింది. "అది న్యాయమే. చేసేవారికి మన శాఖ డిగ్రీ ఉండాలి. ఈ పలకలు పుట్టిన తరువాత ఈ భవనంలో అడుగు పెట్టి ఉండకూడదు. ఈ అమ్మాయిని కలిసి ఉండకూడదు. అలాంటివారి పేరు ఒక్కటి చెప్పగలవా అమ్మాయ్? సమావేశం ముగిసేలోపు చెప్పాలి. లేకపోతే ఆ సంతకమే మిగులుతుంది."

గైడు కుర్చీలో వెనక్కి వాలాడు. ఈ శాఖలో చదివినవారంతా ఇక్కడికే వస్తూ పోతూ ఉంటారు. ఆమెకు తెలిసినవారంతా ఆమెను కలిసినవారే. ఆ మాట అనలేదు గాని, ఆయన చేతులు కడుపు మీద చేర్చుకున్న తీరులో ఉంది.

తూనిక నేల వంక చూస్తూ నిలబడింది. ఈ శాఖలో చదివిన మనిషి. చేతి నేర్పు ఉన్న మనిషి. తన గాలి కూడా సోకని మనిషి.

"మా అక్క," అంది.

సీసా మూత గైడు వేళ్లలోంచి జారి, బల్ల మీద దొర్లి, కింద పడింది. ఆయన దాన్ని తీసుకోవడానికి వంగలేదు.

"ఆమె రాదు," అన్నాడు.

"మీకెలా తెలుసండీ?" అంది స్పీకరు.

"అంటే... ఆమె ఇప్పుడు ఏదో స్కూల్లో పాఠాలు చెప్పుకుంటోంది. ప్రయోగాలు మానేసింది. పాపం, ఆమెకూ థీసిస్ కుదరలేదు. కోర్సుల మీదే మాస్టర్స్ తీసుకుని వెళ్లింది."

"మీ దగ్గరి నుంచేనా?" అంది స్పీకరు.

 శాఖాధిపతే జవాబిచ్చాడు. "వీరి దగ్గరే మేడమ్. నేను అప్పుడు ఈ పదవిలో లేను." తరువాత తూనికతో, "వెళ్లి మాట్లాడి రా," అన్నాడు.

నడవాలో వెలుతురు తక్కువ. గోడల పొడవునా ఇక్కడ పట్టాలు అందుకున్నవారి ఫొటోలు వరుసగా ఉన్నాయి. అక్క ఫొటో అందులో లేదు. థీసిస్ లేనివారివి పెట్టరు. తూనిక మెట్ల మలుపులో నిలబడి ఫోను తీసింది.

అక్కతో ముఖాముఖీ మాట్లాడి చాలా కాలమైంది. తాను ఈ గైడు దగ్గర చేరుతున్నానని చెప్పిన రోజున అక్క ఒకే మాట అంది: "ఆయన దగ్గర వద్దు." ఎందుకో చెప్పలేదు. ఎంత అడిగినా చెప్పలేదు. "నీకు చేతకాకపోతే ఎవరికీ చేతకాదా?" అంది తూనిక. ఆ మాట అన్నాక అక్క వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని, అమ్మను వెంటపెట్టుకుని వెళ్లిపోయింది. ఒకరి మాటలు ఒకరికి అమ్మే ఫోనులో మోస్తూ వచ్చింది. ఇద్దరి మధ్యా చేతికి చేయి తగల్లేదు, వస్తువు కూడా మారలేదు. ఆ రోజు అన్న పాపిష్టి మాటే ఇవాళ అక్క చేతులను శుభ్రంగా ఉంచింది. ఆ ఆలోచనకు తూనికకు సంతోషం కలగలేదు, సిగ్గు కలిగింది.

అమ్మ ఎత్తింది. "ఏమే, ఈ వేళప్పుడు? ఒంట్లో బాగుందా? గొంతు అలా ఉందేం?"

"బాగానే ఉన్నానమ్మా. అక్కకివ్వు."

 అమ్మ "నిజంగానా?" అని మాత్రం అడిగి, "ఇదిగో, చెల్లెలు. నీతోనేట. నాతో కాదు," అని దూరంగా చెప్పడం వినిపించింది. చెప్పుల చప్పుడు. ఆ తరువాత ఊపిరి.

"చెప్పు," అంది అక్క.

తూనిక చెప్పింది. సూదుల గురించి, పలకల గురించి, భూగర్భశాఖ గది గురించి చెప్పింది. తాను చేయలేనని, తాను ఫోనులో చెబుతుంటే వేరే ఊళ్లో, ఒక పెద్దావిడ ఎదుట, అక్క చేతులతో చేయాలని చెప్పింది. అన్నిటికంటే ముందు చెప్పవలసిన క్షమాపణ చివరికి కూడా రాలేదు. సీసా సంగతి చెప్పలేదు. అది చెబితే ఏడుపు వస్తుందని చెప్పలేదు.

అక్క అడ్డు రాకుండా వింది. విన్నాక అడిగింది.



"సభ్యులే దగ్గరుండి చూడాలని ఆయన ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నారు."

"వెంటనేనా?"

"వెంటనే."

"ఒప్పుకున్నాక సీసా తీసి, మూత విప్పి, అందరి చేతికీ ఇచ్చాడా?"

తూనిక మెట్ల కమ్మీని పట్టుకుంది. "నీకెలా తెలుసు?"

అంతలో వెనక తలుపు తెరుచుకుంది. తివాచీ మీద మెత్తని అడుగులు. గైడు ఆమె భుజం దాకా వచ్చి, అరచేయి చాచాడు. ఆ చేతి మీద ఇంకా ఏదో సన్నగా మెరుస్తోంది.

"నాకివ్వు తల్లీ," అన్నాడు. గొంతు ఎప్పటికంటే మెత్తగా ఉంది. "మీ అక్కతో నేను మాట్లాడతాను. తను నా మాట వింటుంది. ఎప్పుడూ వినేది."

ఇన్నేళ్ల అలవాటు ఎంత బలమైనదో చూడండి. ఫోను ఉన్న చేయి తానుగా ముందుకు కదలబోయింది. తూనిక దాన్ని వెనక్కి తీసుకుని రెండో చెవికి పెట్టుకుంది.

"ఆయన గొంతే కదా," అంది అక్క. ఆమె ఊపిరి ఇప్పుడు నిదానంగా ఉంది. "పక్కనే ఉన్నాడా?"

"ఉన్నారు."

"అయితే ఆయన్ను దాటి లోపలికి వెళ్లు. తలుపు వేయకు. ఫోను బల్ల మీద, ఆ పెద్దావిడకు వినపడేలా పెట్టు. నన్ను ఆ గదిలో కూర్చోబెట్టిన రోజునా ఇలాగే సీసా తిప్పాడు, దాంట్లో ఏముందో నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా."

గైడు చేయి ఇంకా చాచే ఉంది. తూనిక ఆ చేతికి తగలకుండా గోడ వారగా ఒదిగి, తలుపు వైపు నడిచింది.